జట్కా గుర్రానికి శాలువా

నవంబరు 1 మనకి రాష్ట్రం పుట్టినరోజు. 1956లో ఆ రోజున ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కాబట్టి జెండాలు కడతాం, తెలుగుతల్లి బొమ్మకి దండ వేస్తాం, మైకు దొరికినవాళ్లు దొరికినంతసేపు మాట్లాడతారు. అదే తారీకున పుట్టినరోజు చేసుకోవలసిన పెద్దమనిషి ఇంకొకడున్నాడు. ఎప్పుడూ గుర్రం దిగడు. చేతిలో కత్తి, నెత్తిన బొచ్చు టోపీ, చుట్టూ పొగ. 1812 నవంబరు 1న పారిస్‌లో, లూవ్రు భవనంలో మొదలైన చిత్రకళా ప్రదర్శనలో మొదటిసారి జనం కంటబడ్డాడు. యుద్ధంలో ఉన్న అశ్వికదళ అధికారిని చూపించే తైలవర్ణ చిత్రమది. వేసినవాడి పేరు తియోడోర్ జెరికో. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్లు. బొమ్మకి ఇప్పుడు రెండు వందల ఏళ్లు నిండి, మీద ఒక పుష్కరం కూడా దాటిపోయింది.

తునిలో కూర్చుని పారిస్ బొమ్మకి అభినందన వ్యాసం రాయడమేమిటయ్యా అంటారా? నా దగ్గర జవాబుంది. లోకమంతా మెచ్చుకున్న ఆ యుద్ధాశ్వం ఏ సైన్యంలోనూ పనిచేసింది కాదు. అది సంతకి పోయే రోడ్డు మీద బండికి కట్టిన గుర్రం. మన మాటల్లో జట్కా గుర్రం. స్టేషను నుంచి ఇంటికి, ఇంటి నుంచి సంతకి ఒక తరమంతా జట్కాల్లో తిరిగిన ఊళ్లు మనవి. మన వీధి గుర్రానికి అంత పెద్ద మేడలో చోటు దొరికితే పండగ మనం చెయ్యకపోతే ఎవరు చేస్తారు?

ముందు బొమ్మ చూద్దాం. ఎత్తు 349 సెంటీమీటర్లు, వెడల్పు 266. ఎత్తు పదకొండున్నర అడుగులన్నమాట. పది అడుగుల శ్లాబు ఉన్న మన ముందుగదుల్లో నిలబెడదామన్నా పట్టదు. ఆ ఎత్తునంతా గుర్రమే ఆక్రమించుకుంది. వెనక కాళ్ల మీద లేచి, తన వెనకభాగం మన వైపు పెట్టి, ఏటవాలుగా బొమ్మ లోపలికి, ఆ ఎర్రటి పొగలోకి దూకబోతోంది. ఒళ్లంతా చుక్కల బూడిద రంగు. జూలు చెదిరిపోయి ఉంది. కన్ను తెల్లగుడ్డు కనబడేట్టు తిరిగింది. జీను కింద చిరుతపులి తోలు. పైన కూర్చున్నవాడు నెపోలియన్ చక్రవర్తి అంగరక్షక సేనలో షాసర్లనే అశ్వికదళానికి చెందిన అధికారి. బంగారు జరీ అల్లికలున్న కోటు, నల్లబొచ్చు టోపీ, దాని మీద కుచ్చు. ఆ దళం మామూలుది కాదు. చక్రవర్తి యుద్ధానికి వెళ్లినా ఊరేగింపుకి వెళ్లినా పక్కనే ఉండేది వాళ్లే. నెపోలియన్ కూడా చాలా రోజులు ఆ దళం కర్నలు వేసుకునే ఆకుపచ్చ దుస్తుల్లోనే తిరిగేవాడు.

ఇంత ఆర్భాటం చేసి కుర్రవాడు ఒక చిత్రమైన పని చేశాడు. గుర్రం ముందుకి పోతోంది. అధికారి నడుము తిప్పి వెనక్కి చూస్తున్నాడు. కత్తి పైకి ఎత్తి లేదు, కిందికి దించి ఉంది. శత్రువు బొమ్మలో ఎక్కడా లేడు. మన జానపద సినిమాల్లో కత్తి కాంతారావు గుర్రమ్మీద వచ్చాడంటే కత్తి ఆకాశంలో ఉంటుంది, చూపు రాజనాల మీద ఉంటుంది, మనం ఈలలు వేస్తాం. ఇక్కడ ఈల వెయ్యడానికి చోటు దొరకదు. ఆ మీసాల ముఖంలో రౌద్రం వెతికితే కనబడదు. ఏదో జరిగింది, వెనక ఎవరో ఉండాలి, ఉన్నారో లేదో చూసుకుంటున్నాడు. నాకైతే ఎన్నిసార్లు చూసినా అలాగే అనిపిస్తుంది. దాడికి ఆజ్ఞ ఇస్తున్నాడని కొందరంటారు. అనుకోవచ్చు. ఆజ్ఞ ఇచ్చేవాడి నోరు తెరుచుకుని ఉండాలి కదా!

ఇక గుర్రం సంగతి. జెరికో జీవితచరిత్ర రాసిన షార్ల్ క్లెమాన్ చెప్పిన ముచ్చట ఇది. పారిస్ పక్కన సెంక్లూ అనే ఊళ్లో ఏటేటా పెద్ద సంత జరిగేది. ఆ సంతకి జనం బళ్లు కట్టుకుని పోతున్నారు. జెరికో కూడా ఆ రోడ్డున పోతున్నాడు. ఎండ, దుమ్ము. ఒక బండికి కట్టిన బూడిదరంగు గుర్రం ఎందుకో బెదిరి ఒక్కసారి వెనక కాళ్ల మీద లేచింది. ఎర్రబడ్డ కళ్లు, నోట్లో నురుగు, దుమ్ములోంచి పడుతున్న వెలుగులో మెరిసిపోతున్న జూలు. అంతే. బండిలో ఉన్నవాళ్లు గుండెలు చేత్తో పట్టుకుని ఉంటారు. ఈ కుర్రవాడికి మాత్రం పదకొండున్నర అడుగుల బొమ్మ కళ్ల ముందు నిలబడిపోయింది.

జట్కా ఎక్కినవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఎక్కనివాళ్ల కోసం చెబుతాను. జట్కాకి రెండే చక్రాలు, పైన వంపు తిరిగిన గూడు, లోపల ఎండుగడ్డి పరిచి దాని మీద జంపఖానా. ముందు రెండు నొగల మధ్య గుర్రం. దాని పొట్ట కిందనుంచి తోలు పటకా. మనుషులు ఎక్కడం వెనకనుంచే కాబట్టి మొదట బరువంతా వెనకే పడుతుంది. లావుపాటి మావయ్యగారు బుట్టతో సహా వెనకంచున కూర్చున్నారంటే నొగలు పైకి లేస్తాయి. నొగలతోపాటు పటకా, పటకాతోపాటు గుర్రం. ముందుకాళ్లు నేల మీద ఆనవు. అప్పుడు బండి సాయిబు పగ్గాలు చేతిలో పట్టుకునే నడుము తిప్పి వెనక్కి చూసి, "కాస్త ముందుకి జరగండి బాబూ, గుర్రం లేచిపోతోంది" అనేవాడు. మావయ్యగారు జరిగేవారు. గుర్రం దిగేది. బండి కదిలేది.

ఇప్పుడు ఆ బొమ్మని మళ్లీ చూడండి. లేచిన గుర్రం, పగ్గాలు వదలకుండా వెనక్కి తిరిగిన మనిషి. జెరికో జట్కా గుర్రాన్నే కాదు, జట్కావాడి నడుముని కూడా పట్టుకొచ్చాడని నా అనుమానం. ఏ కళావిమర్శకుడూ ఈ మాట రాసినట్టు లేదు. వాళ్లు జట్కా ఎక్కి ఉండరు.

సంతనుంచి తిరిగొచ్చాక జెరికో చేసిన పని ఇంకా ముచ్చటగా ఉంటుంది. పారిస్‌లో మోన్‌మార్త్ర్ బులెవార్ అనే వీధిలో ఒక దుకాణం వెనక గది అద్దెకి తీసుకున్నాడు. అంత కాన్వాసుకి అలాంటి గదే కావాలి మరి. రోజూ ఒక అద్దెబండి గుర్రాన్ని ఆ గదికి తోలుకొచ్చేవారు. అది బొమ్మలోలాగా లేచి నిలబడుతుందా? నిలబడదు. పొద్దస్తమానం బండి లాగిన గుర్రం ఎలా ఉంటుందో మనకి తెలియనిదేముంది! తల వేలాడేసుకుని, ఒక కాలు సడలించి, ఈగల్ని తోలుకుంటూ నిలబడుతుంది. అయినా దాన్ని చూస్తూంటే తన తలలోకి గుర్రం వస్తుందని జెరికో చెప్పేవాడట. కొన్ని వారాల్లో బొమ్మ పూర్తయిపోయింది. అంత పెద్ద బొమ్మకి వారాలు! మన వాళ్లు వినాయకచవితి పందిరికే నెల తీసుకుంటారు.

అంత వేగం ఊరికే వచ్చింది కాదు. అంతకుముందు కార్ల్ వెర్నే అనే గుర్రాల చిత్రకారుడి దగ్గర, తర్వాత గెరాన్ అనే సంప్రదాయ గురువు దగ్గర నేర్చుకున్నాడు. లూవ్రులో కూర్చుని పాత గొప్పవాళ్ల బొమ్మలకి నకళ్లు వేశాడు. రూబెన్స్ అంటే ప్రాణం. వెర్సాయ్ రాజుగారి అశ్వశాలల్లో పడి ఉండి గుర్రాలు వేశాడు. అక్కడ వేసినవాటిలో గుర్రాల వెనకభాగాలు మాత్రమే వరసగా కనబడే బొమ్మ ఒకటుంది. దణ్ణానికి వంగినట్టు వరసలు వరసలుగా పిర్రలు, తోకలు. గుర్రాన్ని వెనకనుంచి చూసేవాడు బండివాడొక్కడే అనుకుంటాం, ఈయన రెండోవాడు. మన అధికారి గుర్రం కూడా మనకి ముందు చూపించేది వెనకభాగమే.

జెరికోకి గుర్రాలెంత బాగా తెలుసో యుద్ధం అంత తెలియదు. ఇది నేను తప్పు పట్టి చెప్పడం కాదు. 1811లో సైన్యంలో చేరమని అతనికి పిలుపొచ్చింది. అప్పటి చట్టం ప్రకారం డబ్బున్నవాళ్లు బదులు మనిషిని పంపించుకోవచ్చు. తండ్రి డబ్బు కట్టి కొడుకు బదులు ఇంకొకణ్ణి పంపించాడు. ఆ బదులువాడు 1812లో చనిపోయాడు. అదే ఏడు ఈ బొమ్మ తయారైంది. ఈ రెంటికీ ముడి వెయ్యాలా వద్దా అన్నది చూసేవాళ్ల ఇష్టం. ఆ అధికారి ఎవరి కోసం వెనక్కి చూస్తున్నాడో అని తలబద్దలు కొట్టుకునే నాలాంటివాళ్లకి మాత్రం ఈ సంగతి తెలిశాక నిద్ర కాస్త తగ్గుతుంది.

బొమ్మలో ముఖం దియుదొనే అనే ఒక నిజమైన లెఫ్టినెంటుది. జెరికో మిత్రుడొకడు కూడా అతని బదులు కూర్చున్నాడంటారు. ప్రదర్శన పట్టికలో మాత్రం పేరు పూర్తిగా లేదు. "డి" అనే అక్షరం వేసి పక్కన చుక్కలు పెట్టి, ఫలానావారి అశ్వారూఢ చిత్రం అని అచ్చేశారు. అంటే లెక్క ప్రకారం ఇది యుద్ధచిత్రం కూడా కాదు, ఒక పెద్దమనిషి పటం! మనవాళ్లు స్టూడియోకి వెళ్లి పక్కన పూలకుండీ పెట్టించుకుని ఫోటో దిగితే, లెఫ్టినెంటుగారికి పూలకుండీ బదులు రణరంగం దొరికింది.

ఆ నవంబరులో పారిస్ జనం ఈ బొమ్మ ముందు నిలబడి ఆహా అంటున్న సమయానికి నిజమైన షాసర్లు ఎక్కడున్నారు? రష్యాలో. నెపోలియన్ 1812 జూన్‌లో లక్షల సైన్యంతో రష్యా మీదికి వెళ్లాడు, మాస్కో చేరాడు, ఊరు తగలబడింది, చేసేదిలేక అక్టోబరు 19న తిరుగుదారి పట్టాడు. ప్రదర్శన తలుపులు తెరిచిన రోజుకి ఆ సైన్యం రోడ్డు మీద ఉంది. మేత లేదు. నవంబరు మొదటి వారం దాటేసరికి మంచు. మంచు మీద జారకుండా పట్టు ఉండే నాడాలు ఫ్రెంచి గుర్రాలకి వేయించలేదు. అందుకని మనుషులకంటే ముందు గుర్రాలు పడిపోయాయి. పడిపోయిన గుర్రాన్ని ఆకలిగొన్న సైనికులు కోసుకు తినేశారు. రౌతు కాస్తా కాలిబంటు అయిపోయాడు. పారిస్‌కి ఈ కబురు అందలేదు. సర్వనాశనం అయిందని చక్రవర్తి స్వయంగా ఒప్పుకున్న ప్రకటన అక్కడి పత్రికలో అచ్చయింది డిసెంబరు 16న. అంటే నెలన్నర పాటు జనం పులితోలు జీనుని, బంగారు జరీని చూసి మురిసిపోతూనే ఉన్నారు. బొమ్మకి బంగారు పతకం కూడా ఇచ్చారు.

వెయ్యి మాటలు మాట్లాడనక్కర్లేదు. ఈ ఒక్క బొమ్మలో వెనక్కి చూసినవాడు ఒక్కడే. గుర్రానికీ జనానికీ చక్రవర్తికీ చూపు ముందుకే ఉంది.

అప్పటి కొలువు చిత్రకారుల పద్ధతి వేరు. మన పిల్లల చరిత్ర పుస్తకాల్లో ఒక బొమ్మ కనబడుతుంది. ఎర్ర అంగీ గాల్లో ఎగురుతుంటే నెపోలియన్ లేచిన తెల్లగుర్రం మీద కూర్చుని, ఇటు గుర్రం దాదాపు పడేస్తున్నా అటు చెయ్యి నిదానంగా కొండల వైపు చూపిస్తూంటాడు. వేసినవాడు డావిడ్, ఆ కాలపు చిత్రకారులందరికీ పెద్దదిక్కు. నెపోలియన్ 1800లో ఆల్ప్స్ కొండలు దాటింది కంచరగాడిద మీద. నమ్మకమైన అడుగు, నెమ్మదైన నడక, కొండదారికి అదే సరైంది కూడా. డావిడ్ దాన్ని గుర్రం చేశాడు. జెరికో కూడా బండిగుర్రాన్ని యుద్ధాశ్వం చేశాడు కదా, తేడా ఏమిటని మీరు అడగొచ్చు. డావిడ్ గాడిదని దాచేశాడు. జెరికో బండిగుర్రం బెదురుని, నురుగుని, పిచ్చిచూపుని వెంట్రుకవాసి తగ్గించకుండా అలాగే ఉంచి, దాని మీద పులితోలు కప్పాడు. జీను తీసేసి నొగలు తగిలిస్తే మళ్లీ సంతకి పోవడానికి అది సిద్ధం. ఈ బొమ్మ చూసిన డావిడ్, ఇదెవరి చెయ్యో పోల్చుకోలేకపోతున్నానని అన్నాడని చెబుతారు.

ఫ్రెంచి గుర్రాలతో మనకి ముఖపరిచయం లేదనుకోకండి. తుని నుంచి సామర్లకోట వైపు రైల్లో వెళ్తే అన్నవరం దాటాక గొల్లప్రోలు స్టేషను వస్తుంది. ఆ మండలంలోదే చందుర్తి. 1758 డిసెంబరులో అక్కడి పొలాల్లో ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ యుద్ధం జరిగింది. ఇంగ్లీషు వైపు కర్నల్ ఫోర్డు, అతనికి తోడు విజయనగరం ఆనందగజపతి రాజు. ఫ్రెంచి వైపు కాన్‌ఫ్లాన్ దొర. ఉత్తర సర్కార్లు ఎవరివో దాదాపు ఆ పొలాల్లోనే తేలిపోయింది. ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. వాళ్ల దొర గుర్రమెక్కి, దారిలో గుర్రాలు మార్చుకుంటూ, నలభై మైళ్ల దూరంలో ఉన్న రాజమహేంద్రవరానికి ఆ రాత్రే చేరిపోయాడని చరిత్రకారులు రాశారు. పిఠాపురం, పెద్దాపురం పరగణాల మట్టి మీద ఒక ఫ్రెంచి సేనాని దౌడు తీసిన రాత్రి అది. ఆయన వెనక్కి తిరిగి చూశాడో లేదో ఎవరూ రాయలేదు. ఆ దౌడుని బొమ్మ వేసేవాడు మనకి దొరకలేదు. ఆ దొర ఇంకో అరవై ఏళ్లు ఆగి పుట్టుంటే జెరికోకి చెప్పి ఉండేవాళ్లం. ఆ గుర్రాలు మాత్రం మన ఊళ్లలో మన ఉలవలు తిన్నవే అయ్యుంటాయి. యుద్ధం పోయినా ఫ్రెంచివాళ్లు యానాంలో మాత్రం 1954 దాకా ఉండనే ఉన్నారు. గోదారి పాయ ఒడ్డున ఆ ఊరి ముసలివాళ్లని కదిపితే ఫ్రెంచి ముక్కలు కొన్ని రాలేవి.

మన చిత్రకారులు యుద్ధాశ్వాల జోలికి ఎక్కువ వెళ్లలేదు. రాజమండ్రి దామెర్ల రామారావుగారి సంగతి తలుచుకోకుండా గోదారి జిల్లాలో చిత్రకళ గురించి మాట్లాడడం బావుండదు. 1897లో పుట్టారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన చేతిలో పనితనం చూసి బొంబాయి జేజే స్కూలుకి పంపించారు. తిరిగొచ్చి ఊళ్లోనే కుర్రాళ్లకి బొమ్మలు నేర్పారు. 1925లో మశూచి సోకి పోయారు. నిండా ఇరవై ఎనిమిదేళ్లు లేవు. ఆయన లోకమంతా ఆడవాళ్లు, పూలు, గోదావరి, బుద్ధుడు. ఆయన కాన్వాసుల్లో కత్తి దూసినవాణ్ణి వెతుక్కోవలసిందే. రాజమండ్రిలో ఆయన పేరున ఉన్న చిత్రశాలకి వెళ్లినవాళ్లకి ఈ మాట చెప్పనక్కర్లేదు. వెళ్లనివాళ్లు తునినుంచి రత్నాచల్ రైలు ఎక్కితే చాలు.

వెనక కాళ్ల మీద లేచిన గుర్రం మనకి రెండు చోట్ల కనబడుతుంది. ఒకటి గుళ్లో. కల్యాణోత్సవాల్లో స్వామివారిని ఎక్కించే అశ్వవాహనం ముందుకాళ్లు ఎత్తే ఉంటుంది. భుజాల మీద మోసే బోయీలు అటూ ఇటూ ఊపుతూ నడిస్తే చెక్కగుర్రం నిజంగా దౌడు తీస్తున్నట్టుంటుంది. రెండోది సినిమా హాలు ముందు. ఫ్లెక్సీలు రాకముందు బ్యానర్ ఆర్టిస్టులని ఉండేవారు. చిన్న స్టిల్లు ఫోటో మీద పెన్సిలుతో గళ్లు గీసి, గుడ్డ మీద సుద్ద పూసిన దారంతో అన్నే గళ్లు పెద్దవి కొట్టి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి పెంచుకుంటూ పోయేవారు. ముందు గుర్రం డెక్క వచ్చేది, తర్వాత మోకాలు, సాయంత్రానికి ఎన్టీ రామారావుగారి బూటు. హీరో ముఖం మాత్రం పెద్దమేస్త్రీ వచ్చేదాకా తెల్లగా ఉండేది. దాని మీద శిష్యులు చెయ్యి వెయ్యకూడదు. శుక్రవారం పొద్దున్నకి బ్యానరు ఎక్కాలి కాబట్టి రాత్రి పెట్రోమాక్సు లైటు పెట్టుకుని వేసేవారు. ఇరవై అడుగుల గుర్రాలు! లూవ్రు గుర్రం వాటి ముందు పిల్ల. ఆ బ్యానర్లు మూడు వారాలో నాలుగు వారాలో ఎండకి ఎండి, వానకి తడిసి, సినిమా మారగానే ఆ గుడ్డ మీదే తెల్లరంగు కొట్టించుకుని ఇంకో సినిమాకి వెళ్లిపోయేవి. వాళ్లెవరికీ ఎవరూ పతకం ఇవ్వలేదు. ఈ పుట్టినరోజు సంబరంలో వాళ్లకీ ఒక ఆకూ వక్కా ఇవ్వడం న్యాయం. ఆకు ఎలాగూ మన ఊరిదే.

తునిలో ఈ అభినందన సభ పెడితే ఏమవుతుందో ఊహించుకుంటే నవ్వొస్తుంది. వేదిక మీద కుర్చీలు, వెనక బ్యానరు, కింద మొదటి వరసలో పెద్దలు, చివరి వరసలో టీ కోసం వచ్చినవాళ్లు. సన్మానపత్రం చదవాలి, శాలువా కప్పాలి. ఎవరికి కప్పాలి? లెఫ్టినెంటుగారికా, బొమ్మ వేసిన కుర్రవాడికా, గుర్రానికా? మా వీధి పెద్దలైతే తుని తగవు తీర్చి శాలువాని ముక్కలు చేసి తలా ఒకటి చేతిలో పెట్టేస్తారు. నన్నడిగితే ముక్కలు చెయ్యొద్దు. లెఫ్టినెంటుగారికి ఇప్పటికే ఒంటినిండా జరీ ఉంది. కుర్రవాడికి పతకం వచ్చింది. సెంక్లూ రోడ్డు మీద ఎగిరిన గుర్రానికి ఆ రోజు దక్కింది చెర్నాకోల దెబ్బే అయ్యుంటుంది. మోన్‌మార్త్ర్ గదిలో నిలబడిన గుర్రానికి ఆ పూట బండి లాగే పని తప్పింది, అంతే. శాలువా గుర్రానిదే. దాంతోపాటు నానబెట్టిన ఉలవలు ఒక తట్ట. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని సామెత ఎలాగూ ఉంది. ఇది గుడ్డిది కూడా కాదు.

పతకమైతే వచ్చింది గాని బొమ్మ అమ్ముడుపోలేదు. ప్రభుత్వం కొనలేదు. చుట్టచుట్టి ఇంట్లో పెట్టుకోవడానికి చాపా ఏమన్నానా? 1814లో నెపోలియన్ పడిపోయాడు, పాత రాజవంశం తిరిగొచ్చింది. జెరికో ఆ ఏడు ప్రదర్శనకి అధికారిని మళ్లీ తీసుకెళ్లాడు. ఈసారి పక్కన ఇంకో బొమ్మ పెట్టాడు. గాయపడ్డ అశ్వికుడొకడు గుర్రం దిగి, కళ్లెం పట్టుకుని, రణరంగం విడిచి వాలులో దిగిపోతున్న బొమ్మ. ఈ రెండోవాడు కూడా వెనక్కే చూస్తున్నాడు. మొదటి బొమ్మలో గుర్రమ్మీద ఉన్నవాడు రెండో బొమ్మకొచ్చేసరికి నేల మీద ఉన్నాడు. మధ్యలో రెండేళ్లు, ఒక రష్యా. జనానికి ఆ రెండో బొమ్మ అంతగా నచ్చలేదు. ఓడినవాడి బొమ్మ ఎవరికి కావాలి? నాకు మాత్రం రెండూ పక్కపక్కనే ఉంటేనే మొదటిది సరిగ్గా కనబడుతుంది.

ఆ తర్వాత వేసిన బొమ్మతోనే అతనికి అసలు పేరొచ్చింది. మునిగిపోయిన ఓడ తాలూకు తెప్ప మీద చావుబతుకుల్లో ఉన్న మనుషులు, 1819లో పెట్టిన మెదూసా తెప్ప. దాని గురించి రాస్తే ఈ వ్యాసం పక్కదారి పడుతుంది. గుర్రాలతో అతని బంధం మాత్రం చివరిదాకా తెగలేదు. ఇంగ్లండు వెళ్లి 1821లో ఎప్సమ్ గుర్రప్పందేలు వేసొచ్చాడు. పొగరుబోతు గుర్రాలెక్కి దౌడు తియ్యడం సరదా. ఆ సరదాతోనే మళ్లీ మళ్లీ కిందపడ్డాడు, వెన్నులో పుండు లేచింది, మంచానపడ్డాడు. 1824 జనవరి 26న ముప్ఫై రెండేళ్లకి పోయాడు. తర్వాత ఈ జంట బొమ్మలు ఓర్లియన్స్ వంశపువారి చేతికి వెళ్లాయి. ఆ వంశంనుంచే రాజైన లూయీ ఫిలిప్ గద్దె దిగి పారిపోయాక, 1851లో లూవ్రు వాటిని కొనుక్కుంది.

ఒక్క సంగతి మిగిలింది. 1812 వేసవి ముందు జెరికో లూవ్రు గ్యాలరీలో నకళ్లు వేసుకుంటూ ఒక తోటి విద్యార్థి మీద చెయ్యి చేసుకున్నాడు. అప్పటి మ్యూజియం అధిపతి వివాన్ దెనోన్‌కి కోపమొచ్చి, ఈ కుర్రవాణ్ణి ఇక గ్యాలరీలోకి రానివ్వొద్దని ఆజ్ఞ వేశాడు. ఆర్నెల్లు తిరగకుండా అదే భవనంలో అతని పదకొండున్నర అడుగుల బొమ్మ వేలాడింది. ఈ రోజు లూవ్రులో బొమ్మలున్న ఆ భాగానికి దెనోన్ పేరే పెట్టారు. చదువుకోడానికో ఉద్యోగానికో వెళ్లి పారిస్‌లో ఉన్న మన తుని, పాయకరావుపేట, అన్నవరం పిల్లలెవరైనా ఈ నవంబరు 1కి తీరిక చేసుకుని వెళ్తే, జనం వరస కట్టేది మోనాలిసా వైపు. అక్కడ ఫోటో తీసుకోవడం అయ్యాక పక్కనున్న ఎర్రగోడల హాల్లోకి నడవండి. దెనోన్ రానివ్వొద్దన్న కుర్రవాడి బొమ్మలు దెనోన్ పేరున్న భాగంలోనే ఉంటాయి. గుర్రానికి మా అందరి తరఫునా పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పండి. ఫ్రెంచిలో చెప్పనక్కర్లేదు, తెలుగులో చెప్పినా దానికి పరవాలేదు.